మామ్మ రేడియోకి కరెంటు పెట్టిన సంగతి

 పోస్టు పెద్దది. తీరికగా చదవండి.

90 వోల్టుల రేడియో బ్యాటరీ ఇప్పుడు ఏ కొట్టులో అడిగినా దొరకదు. ఇటుకంత బరువుండే అట్టపెట్టె అది. కరెంటు లేని రోజుల్లో మన ఏజెన్సీ ఊళ్ళల్లో రేడియో పాడిందంటే దాని మీదే పాడింది. 1950ల్లో, 60ల్లో ఊరందరూ కలిసి వినడానికి ప్రభుత్వం పంచాయతీలకి రేడియోలు ఇచ్చేది. కరెంటు లేని ఊళ్ళకి వచ్చినవి ఈ బ్యాటరీ సెట్లే. కొంతమంది సొంతంగా కూడా కొనుక్కున్నారు. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది, నాలుగు టార్చి సెల్లులతో పాడేసింది. పెద్ద బ్యాటరీ తయారవడం ఆగిపోయింది. సెట్లు అటకెక్కాయి. ఇప్పుడు ఊరికి కరెంటొచ్చింది గాని ఆ సెట్టుకి కరెంటు తాగడం రాదు.

మేము ముగ్గురం. ఒకడు ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఒకడు ఈసీఈ డిప్లొమా, ఒకమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్. ఇంటర్ పాడేరులో కలిసి చదివాం. మాలో ఒకరి మామ్మ ఇంట్లో అలాంటి సెట్టు ఒకటుంది. తాత చింతపండు, అడ్డాకులు అమ్మిన డబ్బు కూడబెట్టి కొన్నాడంట. తాత పోయి చాలా ఏళ్ళయింది. సెట్టు మీద గుడ్డ కప్పి, పైన దేవుడి పటం పెట్టుకుంది మామ్మ.

సంక్రాంతికి ముందు పాత సామాను కొనే ఆయనొకడు ఊళ్ళోకి వచ్చాడు. ఇత్తడి చెంబులు, పాత గడియారాలు, తిరగళ్ళు కూడా కొంటాడు. రేడియో చూసి 700 ఇస్తానన్నాడు. "చచ్చిపోయిన సెట్టు, చెక్క కోసం కొంటున్నాను" అన్నాడు. అలాంటివే పట్నంలో ఎంతకి అమ్ముతున్నారో మేము ఫోన్లో చూపించేసరికి మావయ్య కళ్ళు తిరిగాయి. ఆయనకి మాత్రం డబ్బు అవసరం ఉంది, కూతురి ఫీజు కట్టాలి. "పాడితే ఉంచుతాను. పాడకపోతే పండగయ్యాక అమ్మేస్తాను, మీరు అడ్డు రాకండి" అన్నాడు. అమ్మొద్దని చెప్పడానికి మేమెవరం? గడువు మాత్రం దొరికింది. నెల రోజులు.

ముందు టౌనులో ఒక రిపేరు షాపులో అడిగాం. ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టేస్తాడు, 1200 అవుతుంది. అంటే రేడియో పోయి డబ్బా మిగులుతుంది. రెండోది, 230 నుంచే ఒక కెపాసిటరు, నాలుగు డయోడ్లు పెట్టి తిన్నగా ఇచ్చేయడం, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, 100 రూపాయల్లో తేలిపోతుంది. ఈ రెండో మాట దగ్గర మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అలా చేస్తే లోపలి రేకు చట్రం మొత్తం కరెంటు లైనుకి అతుక్కుని ఉంటుంది. బటన్ ఊడితే ఇనప కడ్డీ బయటికి వస్తుంది. ఏరియల్ తీగ, ఎర్త్ తీగ బయటికి వేలాడతాయి. మామ్మ గిన్నెలు కడిగిన చేత్తోనే రేడియో తిప్పుతుంది. మన ఊళ్ళల్లో తడి చేత్తో ముట్టుకుని పోయినవాళ్ళని మీరూ చూసే ఉంటారు. ఆ దారి వద్దనుకున్నాం. మేమే చేద్దాం అనుకున్నాం.

వెనక మూత తీస్తే ఎలక గూడు, దాని కింద నాలుగు గాజు వాల్వులు. గాజు మీద అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి: డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96. ఈ పేర్లు ఊరికే పెట్టినవి కావు. మొదటి అక్షరం డీ అంటే లోపలి తీగకి 1.4 వోల్టులు చాలు అని. కే అంటే స్టేషన్ పట్టి దాని ఫ్రీక్వెన్సీ మార్చే వాల్వు. ఎఫ్ అంటే సిగ్నల్ పెంచేది. ఏఎఫ్‌లో ఏ అంటే డయోడు, సిగ్నల్లోంచి మాటని విడదీసేది, దానితోపాటే ఇంకో పెంచే భాగం. ఎల్ అంటే స్పీకర్ని అరిపించేది. 9 అంకె చూస్తే చిన్న ఏడు కాళ్ళ గాజు వాల్వు అని తెలుస్తుంది. వాల్వు మీద పేరు చదవగలిగితే సెట్టు సగం అర్థమైనట్టే.

ఈ వాల్వులకి రెండు రకాల తిండి కావాలి. లోపలి తీగలు వేడెక్కడానికి 1.4 వోల్టులు. మొదటి మూడింటికి తలా 25 మిల్లీయాంపులు, డీఎల్ 96కి 50, మొత్తం 125. రెండోది 90 వోల్టులు, పది మిల్లీయాంపుల దగ్గర. పాత బ్యాటరీ పెట్టెలో ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి. రెండూ డీసీయే కావాలి. కరెంటుతో నడిచే పెద్ద వాల్వు సెట్లలో తీగకి ఏసీ ఇచ్చేస్తారు, ఎందుకంటే అక్కడ తీగ వేరు, ఎలక్ట్రాన్లు వదిలే గొట్టం వేరు. బ్యాటరీ వాల్వులో తీగే ఎలక్ట్రాన్లు వదులుతుంది. దానికి ఏసీ ఇస్తే స్పీకర్లో బుయ్యిమని రొదే తప్ప పాట ఉండదు. ఆ తీగ వెంట్రుక కన్నా సన్నం. 1.4 అడిగిన చోట 3 వోల్టులు ఇచ్చామా, తెగిపోవచ్చు. తెగినదాన్ని అతికించే మనిషి లేడు, కొత్తది తయారుచేసే ఫ్యాక్టరీ లేదు. 90 వోల్టుల వైపు కొంచెం అటూ ఇటూ అయినా రేడియో క్షమిస్తుంది. ఈ ఒకటిన్నర వోల్టు వైపు క్షమించదు. మా కష్టంలో ముప్పావు వంతు ఆ చిన్న వోల్టేజి మీదే పెట్టాం.

"ఫోన్ ఛార్జర్ పెట్టి, ఆన్‌లైన్లో దొరికే బూస్ట్ బోర్డుతో 90 వోల్టులు చేసుకోవచ్చు కదా" అని జూనియర్లు అడిగారు. చేసుకోవచ్చు, 200 రూపాయల్లో అయిపోతుంది. కానీ ఆ బోర్డులు సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ అవుతూ పనిచేస్తాయి. ఆ గోలంతా మీడియం వేవ్ మీదే పడుతుంది. ఇంట్లో రేడియో పక్కన ఛార్జర్ పెట్టి చూడండి, గరగర వినిపిస్తుంది. అందుకే పాత పద్ధతిలో ఇనప ట్రాన్స్‌ఫార్మర్‌తోనే వెళ్ళాం.

90 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాలంటే ఖర్చు, ఆలస్యం. దీనికి ఒక ఉపాయం ఉంది. ఏ ఎలక్ట్రానిక్స్ కొట్టులోనైనా దొరికే 12-0-12, ఒక యాంపు ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తీసుకున్నాం. మొదటిది మామూలుగా 230కి కలుపుతాం. దాని ఒక సగం నుంచి 12 వోల్టుల ఏసీ వస్తుంది. రెండోదాన్ని తిరగేస్తాం. ఆ 12 వోల్టుల్ని రెండోదాని 12-0-12 చివరల మధ్య ఇస్తాం. అక్కడ 24 రావాల్సిన చోట 12 వస్తోంది కాబట్టి, దాని 230 వైపు సగం, అంటే 115 రావాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో నష్టం ఎక్కువ కాబట్టి ఇంకా తగ్గుతుంది. నాలుగు 1ఎన్4007 డయోడ్ల బ్రిడ్జి, 47 మైక్రోఫారడ్ 250 వోల్టుల కెపాసిటరు పెట్టాక మాకు 130 వోల్టుల డీసీ దగ్గర వచ్చింది. అక్కడి నుంచి 2.7 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్, దాని తర్వాత 30 వోల్టుల జీనర్లు మూడు వరసగా, ఇంకో 47 మైక్రోఫారడ్. మూడు ముప్పైలు తొంభై. కెపాసిటర్ల మీద 220 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి అడ్డంగా వేశాం, స్విచ్ ఆపాక వాటిలో మిగిలిన కరెంటు దానంతట అది దిగిపోవడానికి. అయినా సరే, ఆపిన వెంటనే వేలు పెట్టకండి. 130 వోల్టుల డీసీ పట్టుకుంటే వదలదు.

ఇలా రెండు ట్రాన్స్‌ఫార్మర్లు దాటి వచ్చిన కరెంటుకి బయటి లైనుతో తిన్నగా సంబంధం ఉండదు. మామ్మ చెయ్యికి అదే రక్ష.

మొదటి ట్రాన్స్‌ఫార్మర్ రెండో సగం ఖాళీగా ఉంది కదా, ఆ 12 వోల్టులు తీగల కోసం వాడాం. బ్రిడ్జి, 2200 మైక్రోఫారడ్, 250 మిల్లీయాంపుల ఫ్యూజు, 33 ఓమ్‌ల తెల్ల సిమెంట్ రెసిస్టర్ 5 వాట్లది, ఆ తర్వాత ఎల్‌ఎం 317 రెగ్యులేటర్. దానికి 240 ఓమ్, 27 ఓమ్ రెసిస్టర్లు పెడితే లెక్క ప్రకారం 1.39 వోల్టులు వస్తుంది. ఇక్కడ తిప్పే ప్రీసెట్ పెడితే సరిచేసుకోవడం సులువు, నిజమే. కానీ ప్రీసెట్లో దుమ్ము పడి ఒక్క క్షణం కాంటాక్టు పోతే రెగ్యులేటర్ మొత్తం వోల్టేజి వదిలేస్తుంది. నాలుగు వాల్వులూ ఒకేసారి పోతాయి. అందుకని మారని రెసిస్టర్లే వేశాం.

రెగ్యులేటరే కాలి షార్టయితే? దానికీ ఒక కాపలా పెట్టాం. అవుట్‌పుట్ మీద రెండు డయోడ్లు వరసగా అడ్డం వేశాం. వోల్టేజి ఒకటిన్నర దాటబోతే అవి తామే కరెంటు లాగేసుకుంటాయి. సిమెంట్ రెసిస్టర్ ఆ ప్రవాహాన్ని కట్టడి చేస్తుంది, ఈలోపు ఫ్యూజు పోతుంది. ఫ్యూజు 10 రూపాయలు.

రెగ్యులేటర్ బదులు ఒక రెసిస్టర్ పెట్టి వోల్టేజి తగ్గిస్తే సరిపోదా అని మాలోనే వాదన వచ్చింది. సరిపోదు. నాలుగు తీగలూ కలిసి తాగితేనే ఆ లెక్క నిలబడుతుంది. ఒక వాల్వు సాకెట్లో వదులై కాంటాక్టు పోయిందనుకోండి, దాని వాటా మిగతా మూడింటి నెత్తిన పడుతుంది. పైగా మా ఊళ్ళో సాయంత్రం అందరూ లైట్లేసేసరికి 230 కాస్తా 170కి దిగిపోతుంది, అర్ధరాత్రి 250కి ఎక్కుతుంది. ఆ ఊగిసలాటని రేడియో దాకా రానివ్వకూడదు.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. చదువుకున్నవాళ్ళకి సహజంగా చెయ్యి లాగేది ఏమిటంటే, 1.4 మైనస్సునీ 90 మైనస్సునీ పవర్ సప్లైలోనే కలిపేయడం. "గ్రౌండు అంతా ఒకటే కదా" అంటాం. ఈ సెట్లలో కలపకూడదు. డీఎల్ 96 గ్రిడ్డుకి దాదాపు 5 వోల్టుల మైనస్ కావాలి. దాని కోసం సెట్టులో ఆ రెండు మైనస్సుల మధ్య ఒక రెసిస్టర్ ఉంటుంది. సెట్టు తాగే కరెంటంతా దాని గుండా వెళ్ళి ఆ 5 వోల్టులు పుట్టిస్తుంది. బయట కలిపేస్తే ఆ రెసిస్టర్ షార్టయిపోయి, వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగుతుంది, పాట బండబండగా వస్తుంది, వాల్వు ఆయుష్షు తరిగిపోతుంది. అందుకే మా డబ్బా నుంచి నాలుగు తీగలు విడివిడిగానే వెళ్తాయి. సెట్టుకి ఉన్న పాత నాలుగు కాళ్ళ బ్యాటరీ ప్లగ్గుని కొయ్యలేదు. దానికి సరిపడే సాకెట్ మేమే చేసుకున్నాం. ఏ కాలు ఏదో మీటరుతో వెతికాం. స్విచ్ వేస్తే కొద్ది ఓమ్‌లు చూపించేవి తీగల కాళ్ళు, మిగతావి 90వి.

సెట్టు లోపల రెండే మార్చాం. డీఏఎఫ్ నుంచి డీఎల్‌కి మాట మోసే కాయితం కెపాసిటరు ఒకటి. అది లీకైతే గ్రిడ్డు మీదికి ప్లస్ వోల్టేజి వచ్చి పడుతుంది. ఇన్నేళ్ళ కాయితం లీకవదని నమ్మడానికి లేదు. 90 వోల్టుల మీద ఉన్న ఎలక్ట్రోలిటిక్ ఇంకొకటి. పాతవి పారెయ్యలేదు, కవర్లో చుట్టి సెట్టులోనే ఉంచాం. మిగతాదంతా ఎవరు కట్టారో గాని, ఎంత శ్రద్ధగా కట్టారో! ఒక్క టాకా కూడా వదులవలేదు.

మొత్తం పాత స్విచ్‌బోర్డు రేకు డబ్బాలో బిగించాం. ఇంటికి ఎర్త్ లేదు. మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళకి లేదు, మూడు కాళ్ళ ప్లగ్గులో మూడో కాలు అలంకారమే. మా ఐటీఐ వాడు పెరట్లో గొయ్యి తీసి, కడ్డీ దింపి, బొగ్గు, ఉప్పు వేసి, నీళ్ళు పోసి ఎర్త్ చేశాడు. ఆ ఎర్త్ రేకు డబ్బాకీ వెళ్తుంది, రేడియోకీ వెళ్తుంది. పనసచెట్టు మీదికి ఒక ఏరియల్ తీగ కట్టాం. డబ్బాని రేడియోకి మూరెడు దూరంలో పెట్టాం, దగ్గరుంటే ట్రాన్స్‌ఫార్మర్ల రొద స్పీకర్లోకి దూరుతుంది. అన్నీ కలిపి 860 రూపాయలయింది, బస్సు ఛార్జీలు కాకుండా.

మొదటిసారి వాల్వులు పెట్టకుండానే పరీక్షించాం. తీగల బదులు 12 ఓమ్‌ల రెసిస్టర్, 90 వోల్టుల మీద 10 కిలో ఓమ్, 2 వాట్లది. 230 లైనులో 40 వాట్ల బల్బు ఒకటి వరసగా పెట్టాం. ఎక్కడైనా షార్టుంటే బల్బు వెలుగుతుంది, డబ్బా కాలదు. బల్బు లోపల సన్నటి ఎరుపు కూడా రాలేదు. మీటరు 1.39 చూపించింది. ఇటు 89. గంటసేపు అలాగే వదిలేసి మళ్ళీ చూశాం. అవే అంకెలు.

తర్వాత వాల్వులు పెట్టి, ముందు 1.4 మాత్రమే ఇచ్చాం. గదిలో లైటు ఆపించాం. ఈ తీగలు బల్బులా వెలగవు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక, గాజు మీద మొహం పెట్టి చూస్తే సన్నటి ఎర్ర గీత కనిపిస్తుంది. నాలుగింటిలోనూ కనిపించింది. గుమ్మంలో పిల్లలు గుంపు కట్టారు. "ఏటి కనబడతందిరా" అని ఒక గుంట తోసుకుంటూ వచ్చింది. మావయ్య కూడా వంగి చూశాడు, ఏమీ అనలేదు.

90 కూడా ఇచ్చాక ముందు గుయ్‌మన్న చిన్న చప్పుడు, తర్వాత గరగర. డయలు మీద మీటర్లలో రాసి ఉంది. విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్. 3 లక్షల్ని 927తో భాగిస్తే 324 మీటర్లు. ఆ లెక్క ముందే చీటీ మీద రాసుకున్నాం. ముల్లు అక్కడికి తెచ్చేసరికి మాట వచ్చింది. మాటతోపాటు గట్టి రొద కూడా వచ్చింది. స్టేషన్ లేని చోట రొద లేదు, స్టేషన్ మీదికి వస్తేనే ఉంది. ఇది ఫిల్టర్ లోపం కాదు. రేడియో సిగ్నల్ కరెంటు తీగల వెంట వచ్చి బ్రిడ్జి డయోడ్ల దగ్గర రొద అంటించుకుని వస్తే ఇలా అవుతుంది. 90 వోల్టుల బ్రిడ్జిలో ఒక్కో డయోడు మీద 0.01 మైక్రోఫారడ్, 1000 వోల్టుల డిస్క్ కెపాసిటరు వేస్తే పోతుందని మా ఫిజిక్స్ అమ్మాయి చదివి ఉంది. నాలుగూ వేశాం. పోయింది. రాత్రయ్యాక 358 మీటర్ల దగ్గర విజయవాడ కూడా దొరికింది.

మామ్మ అప్పటిదాకా పొయ్యి దగ్గరే ఉంది. గొంతు వినిపించాక వచ్చి పీటేసుకుని కూర్చుంది. తాత బ్యాటరీ సంగతి చెప్పింది. బ్యాటరీ అయిపోతే విశాఖ నుంచి రావాలి, ఘాట్ దాకా బస్సు, ఆపైన నెత్తి మీద. వానాకాలం మొదలైతే మూణ్ణెల్లు లేదు. అందుకని రోజుకి ఒక్క గంటే. పాట మధ్యలో ఉన్నా గంటయితే తాత కట్టేసేవాడు. వినడానికి వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. చెమ్మ తగలకుండా బ్యాటరీని పొయ్యి పక్క గూట్లో పెట్టేవాళ్ళంట, బియ్యం పక్కన.

వార్తలయ్యాయి. పాటలు మొదలయ్యాయి. రెండో పాట సగంలో మామ్మ లేచి, ఎవరినీ అడక్కుండా బటన్ తిప్పి కట్టేసింది.

"మామ్మా, కరెంటు మీద పాడతంది, బాట్రీ లేదు" అన్నాం.

"తెలుసులే. రేపటికి ఉండాల" అంది.

పండగ వెళ్ళాక పాత సామాను ఆయన వచ్చాడు. మావయ్య రేడియో సంగతి ఎత్తలేదు, రెండు ఇత్తడి చెంబులు అమ్మాడు. ఫీజుకి అవి చాలవు, మిగతాది ఎలా సర్దుతున్నాడో మాకు చెప్పలేదు.

ఇప్పుడు మాకొక పని పడింది. డీఎల్ 96 కొంచెం నీరసంగా ఉంది, గంట పాడాక గొంతు తగ్గుతోంది. ఇంకొకటి కావాలి. మీ ఊళ్ళల్లో అటక మీదో, పాత పంచాయతీ గదిలోనో ఇలాంటి సెట్టు ఉంటే వెనక మూత తీసి, వాల్వుల మీద పేర్లు రాసి పంపండి. తీగ బతికుందో లేదో డిజిటల్ మీటరుతో చూడొచ్చు, 1, 7 కాళ్ళ మధ్య ఓమ్‌లు చూపిస్తే బతికున్నట్టే. డీ అక్షరంతో మొదలైతే ఈ డబ్బానే పనికొస్తుంది, చివర 91, 92, 94 అని ఉంటే తీగలు దీని రెట్టింపు కరెంటు తాగుతాయి కాబట్టి ఆ 33 ఓమ్‌ల రెసిస్టరూ ఫ్యూజూ మార్చాలి, మమ్మల్ని అడగండి. ఈ అక్షరంతో మొదలవ్వకపోతే అది వేరే జాతి కావచ్చు, వేరే లెక్క కావచ్చు. ఏదైనా సరే, పేర్లు పంపేదాకా ప్లగ్గులో మాత్రం పెట్టకండి.